కానన్ డాయిల్: ఆధారం అడిగిన మనిషి

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఒక ప్రముఖుడి జీవితం రాస్తానని ఒప్పుకున్నప్పుడు, సంచిక బాధ్యులైన మిత్రులు విశ్వేశ్వరయ్య గారి గురించి రాస్తాననుకున్నారు. ఇంజినీరును కదా, అలా అనుకోవడం న్యాయమే. నేను ఎంచుకున్నది మాత్రం డిటెక్టివ్ కథలు రాసిన ఒక డాక్టరును. షెర్లాక్ హోమ్స్ పేరు వినని వారు మనలో ఉండరు. ఆ పేరు పెట్టిన సర్ ఆర్థర్ కానన్ డాయిల్ ఎలా బతికాడో తెలిసినవారు తక్కువ. ఆయనకూ మన బొగ్గుకూ ఒక సంబంధం ఉందని తెలిసినవారు ఇంకా తక్కువ.

గోదావరిఖనిలో మా తరం పిల్లలకు చదువు రెండు చోట్ల దొరికేది. ఒకటి బడి, రెండోది అద్దె పుస్తకాల దుకాణం. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఆ తర్వాత మధుబాబు గారి షాడో. అట్ట చిరిగినవి, మొదటి పేజీలు ఊడినవి, మధ్యలో ఎవరో పుణ్యాత్ముడు హంతకుడి పేరు పెన్నుతో రాసి పెట్టినవి, అన్నీ చదివేవాళ్లం. వారపత్రికలో సీరియల్ వస్తే దాని సంగతే వేరు. క్వార్టర్ల వరసలో ఒక ఇంట్లో కొన్న పత్రిక పది ఇళ్లు తిరిగేది. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన పెద్దాయన ముందు చదివేవాడు. ఆయన పడుకున్నాక పిల్లల వంతు. సరిగ్గా తలుపు తెరుచుకునే చోట కథ ఆగిపోయి, తరువాయి వచ్చే వారం అని ఉండేది. ఆ వారం రోజులు బడిలో, బోరింగు దగ్గర, మస్టర్ దగ్గర ఒకటే చర్చ. తలుపు వెనకాల ఎవరు?

ఒకే డిటెక్టివు, పక్కన ఒక నమ్మకమైన తోడు, నెల నెలా కొత్త కేసు. ఈ పద్ధతిని పత్రికలో పెట్టి లక్షలమందిని కాచుకుని కూర్చునేలా చేసిన ఘనత ఎక్కువగా డాయిల్‌కే చెందుతుంది. యుగంధర్ పక్కన రాజు నిలబడటానికి చాలా ఏళ్ల ముందే హోమ్స్ పక్కన వాట్సన్ నిలబడ్డాడు.

పేద ఇల్లు, కథలు చెప్పే తల్లి

ఆర్థర్ 1859 మే 22న స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. వాళ్లది ఐర్లండ్ మూలాలున్న కేథలిక్ కుటుంబం. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరం వస్తుంది. తండ్రి చార్లెస్ ప్రభుత్వ కార్యాలయంలో నక్షాలు గీసే ఉద్యోగి, మంచి చిత్రకారుడు. తాగుడు ఆయన్ని తినేసింది. ఉద్యోగం పోయింది, చివరి ఏళ్లు మానసిక రోగుల ఆసుపత్రుల్లో గడిచాయి. సంసారం లాగింది తల్లి మేరీ. ఆమె కథలు చెప్పే తీరుకు కొడుకు జీవితాంతం రుణపడి ఉన్నాననుకున్నాడు. తాగే తండ్రి, జీతం రోజు గుమ్మం దగ్గర నిలబడే తల్లి, ఆ ఇంట్లోంచే చదువుకుని పైకొచ్చిన కొడుకు. మన కాలనీల్లో ఇలాంటి ఇళ్లు ఎన్ని చూశామో మనకు తెలుసు.

బంధువుల సాయంతో స్టోనీహర్స్ట్ అనే జెస్యూట్ల బడిలో చదివి, 1876లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరాడు. అక్కడ డాక్టర్ జోసెఫ్ బెల్ అనే ఆచార్యుడు ఉండేవాడు. రోగి నోరు విప్పక ముందే అతని నడక, చేతుల మీది కాయలు, బట్టల మీది మరకలు చూసి వృత్తి ఏమిటో, ఎక్కణ్ణుంచి వచ్చాడో చెప్పేవాడు. బయటి రోగుల వివరాలు రాసిపెట్టే పని ఆర్థర్‌కు ఇచ్చాడు. ఆ గదిలో చూసిందే తర్వాత హోమ్స్ అయింది.

ఈ విద్య మనకు కొత్తది కాదు. బొగ్గు పొడి దిగిన గాయం మానినా చర్మం కింద నీలంగా మిగిలిపోతుంది. చెయ్యి మీద ఆ నీలం గీత చూసి ఈయన బాయి పనివాడని మన ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెప్పగలిగేవారు. కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టున్న నలుపు చూసి షిఫ్టు ఇప్పుడే దిగాడని చెప్పేవారు. బెల్ చేసిందీ అదే. చూసిన దాన్ని వదిలెయ్యకుండా, దాని నుంచి ఒక అడుగు ముందుకు వెయ్యడం.

చదువు మధ్యలో ఖర్చుల కోసం 1880లో హోప్ అనే తిమింగలాల వేట ఓడలో డాక్టరుగా ఆర్కిటిక్ మంచు సముద్రానికి వెళ్లాడు. 1881లో పట్టా పుచ్చుకున్నాక మరో ఓడలో పశ్చిమ ఆఫ్రికాకు వెళ్లి వచ్చాడు. 1882లో పోర్ట్స్‌మత్ దగ్గరి సౌత్‌సీలో పది పౌండ్లు కూడా లేని జేబుతో బోర్డు కట్టాడు. రోగులు ఎక్కువ వచ్చేవారు కారు. ఖాళీ సమయంలో కథలు రాసేవాడు. 1885లో లూయీసాను పెళ్లి చేసుకున్నాడు.

ఇరవై అయిదు పౌండ్ల నవల

1886లో ఎ స్టడీ ఇన్ స్కార్లెట్ రాశాడు. ప్రచురణకర్తలు ఒకరి తర్వాత ఒకరు తిప్పి పంపారు. చివరికి ఒక సంస్థ సర్వహక్కులకూ కలిపి 25 పౌండ్లు ఇచ్చి, 1887 క్రిస్మస్ ప్రత్యేక సంచికలో వేసింది. ఆ నవల మీద ఆయనకు అంతకు మించి ఆ సంస్థ నుంచి పైసా రాలేదు. 1890లో ది సైన్ ఆఫ్ ఫోర్ వచ్చింది. ఆగ్రా కోటలో దొంగిలించిన నిధి, అండమాన్ జైలు, మన దేశం వాసన ఉన్న నవల. అయినా ఇంకా హోమ్స్ ప్రభంజనం మొదలు కాలేదు.

1891లో కంటి వైద్యుడిగా స్థిరపడదామని లండన్ వచ్చి గది అద్దెకు తీసుకున్నాడు. ఆయన చెప్పుకున్న ప్రకారం ఒక్క రోగి కూడా రాలేదు. అదే సంవత్సరం జనవరిలో స్ట్రాండ్ అనే మాసపత్రిక మొదలైంది. వెల ఆరు పెన్నీలు. రైల్వే స్టేషన్ల పుస్తకాల దుకాణాల్లో దొరికేది. రోజూ రైలెక్కి పనికి వెళ్లివచ్చే గుమాస్తాలు, ఉద్యోగులు దాని పాఠకులు.

ఇక్కడే డాయిల్ బుర్ర పనిచేసింది. సీరియల్‌లో ఒక చిక్కుంది. ఒక భాగం తప్పిపోతే పాఠకుడికి దారి తప్పుతుంది, ఇక పత్రిక కొనడు. విడి కథల్లో ఇంకో చిక్కు. వచ్చే నెల మళ్లీ కొనాలన్న ఆత్రం ఉండదు. మరి నాయకుణ్ణి మార్చకుండా, ప్రతి నెలా కథను మాత్రం పూర్తి చేసేస్తే? పాత నెల చదవనివాడికి ఇబ్బంది లేదు, చదివినవాడికి పాత స్నేహితుణ్ణి కలిసిన సంతోషం. ఈనాటి టీవీల్లో, ఫోన్లలో చూస్తున్న సిరీసులు చాలావరకు నడుస్తున్నది ఈ లెక్క మీదే. నేను మెచ్చుకునేది ఇందులోని ఇంజినీరింగు బుద్ధిని. సమస్య ఎక్కడుందో చూసి, ఉన్న రెండు పద్ధతుల్లోని మంచిని కలిపి మూడోదాన్ని తయారు చేశాడు.

1891 జులై స్ట్రాండ్‌లో మొదటి హోమ్స్ కథ ఎ స్కాండల్ ఇన్ బొహీమియా వచ్చింది. సిడ్నీ పాజెట్ బొమ్మలు వేశాడు. కొద్ది నెలల్లోనే ఆ పేరు ఇంటింటికీ పాకింది. వైద్యం మానేసి రాతనే వృత్తిగా పెట్టుకున్నాడు. రెండో విడతకు కథకు 50 పౌండ్లు అడిగితే ఇచ్చారు. తర్వాత ఇక అడగరులే అనుకుని డజను కథలకు 1000 పౌండ్లు చెప్పాడు. దానికీ ఒప్పుకున్నారు.

చంపినా చావని మనిషి

డాయిల్‌కు మాత్రం హోమ్స్ అంటే విసుగు పట్టింది. తన అసలు గొప్పతనం చారిత్రక నవలల్లో ఉందని ఆయన నమ్మకం. ఈ డిటెక్టివు వాటిని మింగేస్తున్నాడనుకున్నాడు. హోమ్స్‌ను చంపేస్తానని 1891లోనే తల్లికి రాస్తే, ఆమె కుదరదని అడ్డుపడింది. పైగా కొత్త కథకు ఒక ఆలోచన కూడా అందించింది. ఆ తల్లి వల్ల హోమ్స్ మరో రెండేళ్లు బతికాడు.

1893 ఆయనకు కష్టాల సంవత్సరం. భార్యకు క్షయ అని తేలింది. తండ్రి ఆసుపత్రిలోనే కన్నుమూశాడు. ఆ డిసెంబరు స్ట్రాండ్‌లో, స్విట్జర్లాండ్‌లోని రైకెన్‌బాక్ జలపాతం దగ్గర హోమ్స్ తన శత్రువు మోరియార్టీతో కలిసి లోయలో పడిపోయాడు. పాఠకులు భగ్గుమన్నారు. తిట్ల ఉత్తరాలు వచ్చాయి. ఇరవై వేల మందికి పైగా స్ట్రాండ్ కొనడం మానేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. సొంత మనిషి పోయినట్టు బాధపడటం చూసి రచయితే ఆశ్చర్యపోయాడు.

ఎనిమిదేళ్లు మొండికేశాడు. మధ్యలో 1900లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి వెళ్లి, బ్లోమ్‌ఫాంటైన్‌లో టైఫాయిడ్‌తో కుప్పలుగా పడిపోతున్న సైనికులకు వైద్యం చేశాడు. తిరిగి వచ్చి బ్రిటన్ తరఫున వాదిస్తూ ఒక పుస్తకం రాశాడు. 1902లో సర్ బిరుదు వచ్చింది.

ఈలోగా డార్ట్‌మూర్ మైదానాల్లో ఒక దెయ్యపు కుక్క కథ ఆయన మనసుకు పట్టింది. దానికి ఒక డిటెక్టివు కావాలి. చేతిలో ఉన్నవాణ్ణి వదిలి ఇంకొకణ్ణి ఎందుకు తయారు చేసుకోవాలి? హోమ్స్ చావుకు ముందు జరిగిన కథగా ది హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్ రాశాడు. 1901 ఆగస్టు నుంచి 1902 ఏప్రిల్ దాకా నెలకో భాగం. ఈసారి విడి కథలు కావు, అచ్చమైన సీరియల్. రెండో భాగం రాయి ఎలా ఉంటుందో అని కాచుకున్న మన వీధి పిల్లల్లాగే లండన్ జనం పత్రిక కోసం వరసలు కట్టారని అంటారు. చివరికి అమెరికా పత్రిక భారీ మొత్తం ఇస్తాననడంతో 1903లో హోమ్స్‌ను బతికించేశాడు. అసలు లోయలో పడనే లేదని తేల్చాడు. జనం ఆ వివరణను పెద్దగా ప్రశ్నించలేదు. మనిషి తిరిగొచ్చాడు, అది చాలు.

కథ బయట కూడా ఆధారం అడిగాడు

1906లో భార్య చనిపోయింది. మనిషి కుంగిపోయి ఉన్న ఆ రోజుల్లో ఒక ఉత్తరం ఆయన్ని కదిలించింది. రాసింది జార్జ్ ఎడాల్జీ. తండ్రి బొంబాయి నుంచి వెళ్లిన పార్సీ, క్రైస్తవుడై స్టాఫర్డ్‌షైర్‌లోని గ్రేట్ వైర్లీ అనే ఊళ్లో చర్చి గురువుగా ఉన్నాడు. తల్లి ఇంగ్లీషామె. జార్జ్ వకీలు. ఆ ఊరు బొగ్గు గనుల ఊరు. 1903లో అక్కడ రాత్రిపూట పశువుల పొట్టలు కోసే దారుణాలు వరసగా జరిగాయి. ఆగస్టులో గ్రేట్ వైర్లీ గనికి చెందిన ఒక చిన్న గుర్రాన్ని అలా కోసేశారు. నల్లవాడి కొడుకు మీద ఊళ్లో ముందే అనుమానం, పోలీసులకు ముందే కోపం. ఎడాల్జీకి ఏడేళ్ల శిక్ష పడింది. మూడేళ్ల తర్వాత వదిలేశారు గానీ నేరస్థుడన్న ముద్ర పోలేదు, వకీలు పని చేసుకునే వీల్లేదు.

డాయిల్ ఒక హోటల్లో కలుద్దామన్నాడు. ఆలస్యంగా వచ్చేసరికి ఎడాల్జీ పేపరు చదువుతూ కూర్చున్నాడు. పేపరును కంటికి దగ్గరగా, పక్కకు వంచి పట్టుకున్నాడు. కళ్ల డాక్టరు ఆ ఒక్క చూపుతో పట్టేశాడు. ఇంత చూపు లేని మనిషి అర్ధరాత్రి వాన చీకట్లో రైలు పట్టాలు, కంచెలు దాటి, పొలంలో గుర్రాన్ని వెతికి, చేసిన పని చేసి, ఎవరికీ కనబడకుండా ఎలా తిరిగొస్తాడు? అక్కడితో ఆగలేదు. ఆ ఊరికి వెళ్లి దారి నడిచి చూశాడు. కేసు కాగితాలన్నీ చదివాడు. 1907 జనవరిలో డైలీ టెలిగ్రాఫ్‌లో వరసగా రాశాడు, ఏ పత్రికైనా ఉచితంగా వేసుకోవచ్చని హక్కులు వదిలేశాడు. ఆ మే నెలలో ప్రభుత్వం గుర్రం కేసులో క్షమాభిక్ష ఇచ్చింది, పరిహారం మాత్రం ఇవ్వలేదు. ఎడాల్జీ మళ్లీ వకీలయ్యాడు. ఇంగ్లండులో క్రిమినల్ అప్పీలు కోర్టు అదే ఏడాది ఏర్పడింది. దానికి వచ్చిన ఒత్తిడిలో ఈ కేసుకూ వాటా ఉంది.

తర్వాత ఆస్కర్ స్లేటర్. జర్మనీ నుంచి వచ్చిన యూదుడు, జూదగాడు, ఎవరికీ ఇష్టంలేని మనిషి. గ్లాస్గోలో ఒక వృద్ధురాలి హత్యలో 1909లో అతనికి ఉరి వేశారు, అమలుకు రెండు రోజుల ముందు యావజ్జీవంగా మార్చారు. అతను తాకట్టు పెట్టిన నగ ఆమెది కాదని, హత్యకు ముందే తాకట్టులో ఉందని తేలినా వదల్లేదు. డాయిల్ 1912లో చిన్న పుస్తకం రాసి ఆధారాల్లోని డొల్లతనం బయటపెట్టాడు. పదిహేనేళ్లు ఎవరూ వినలేదు. ఆయన మాత్రం వదల్లేదు. స్లేటర్ పద్దెనిమిదేళ్లకు పైగా జైల్లో ఉండి 1927లో బయటికొచ్చాడు. 1928లో శిక్ష రద్దయింది. స్లేటర్ స్వభావం డాయిల్‌కు నచ్చలేదు. అయినా మనిషి నచ్చాడా లేదా అన్నది వేరు, నేరం చేశాడా లేదా అన్నది వేరు. ఆ తేడా చివరిదాకా పట్టుకున్నాడు. హోమ్స్ కథలన్నిటి కంటే నాకు ఇదే పెద్ద పనిగా కనిపిస్తుంది.

బొగ్గు లోయలో హోమ్స్

ఇక మన సంగతికి వస్తాను. హోమ్స్ నవలల్లో చివరిది ది వ్యాలీ ఆఫ్ ఫియర్. 1914 సెప్టెంబరు నుంచి 1915 మే దాకా స్ట్రాండ్‌లో వచ్చింది. అప్పుడే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఈ నవల చదవనివారు, చదవాలనుకునేవారు ఇక్కడి నుంచి నాలుగు పేరాలు దాటెయ్యండి, గుట్టు బయటపడుతుంది.

నవల రెండో సగమంతా అమెరికాలోని ఒక బొగ్గు, ఇనుము గనుల లోయలో జరుగుతుంది. స్కావరర్స్ అనే రహస్య ముఠా లోయను గుప్పిట్లో పెట్టుకుంటుంది. మేనేజర్లను చంపుతుంది, సాక్షుల్ని బెదిరిస్తుంది. ఒక తెల్లవారుజామున గని దగ్గర షిఫ్టు జనం చేరుతున్న వేళ, కేజీ దిగేముందు కూత వేస్తున్న క్షణంలో, మేనేజరును కాల్చేస్తారు. స్కాట్లాండ్ ఇంజినీరు ఒకడు స్పానరు పట్టుకుని అడ్డం పరుగెత్తుకొస్తే అతణ్ణీ కాల్చేస్తారు. సైరన్ విని నిద్రలేచి, సైరన్ విని బడికి పోయి, ఇంజినీరై అలాంటి చోటే ఉద్యోగం చేసినవాణ్ణి నేను. ఆ పేజీ తిప్పడానికి నా చేతులు ఆగలేదు, అదే సమయంలో వణికాయి కూడా. ముఠాలో చేరిన ఒక మొనగాడు నిజానికి పింకర్టన్ సంస్థ పంపిన డిటెక్టివని చివర్లో తెలుస్తుంది. పట్టు ఏమాత్రం సడలని కథనం. అందులో నాకు సందేహం లేదు.

దీనికి మూలం నిజంగా జరిగిన కథ. పెన్సిల్వేనియా బొగ్గు ప్రాంతంలో మాలీ మగ్వైర్స్ అన్న పేరుతో ఐరిష్ గని కార్మికుల రహస్య ముఠా ఉందని, హత్యలు చేస్తోందని ఆరోపణలు వచ్చాయి. హత్యలు నిజంగానే జరిగాయి, మేనేజర్లు, ఫోర్‌మన్లు చనిపోయారు. రైల్వేకూ గనులకూ అధిపతి అయిన ఫ్రాంక్లిన్ గోవెన్ 1873లో పింకర్టన్ సంస్థను పెట్టుకున్నాడు. వాళ్లు మెక్‌పార్లాండ్ అనే డిటెక్టివును మారుపేరుతో కార్మికుల్లో కలిపారు. 1875లో కార్మికుల దీర్ఘకాలపు సమ్మె ఓడిపోయింది, యూనియన్ చితికిపోయింది. తర్వాత విచారణలు. అరెస్టులు చేసింది కంపెనీల సొంత పోలీసులు. కీలక సాక్షి కంపెనీ డబ్బుతో పనిచేసిన డిటెక్టివు. కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించిన వారిలో గోవెన్ స్వయంగా ఉన్నాడు. మొత్తం ఇరవై మందిని ఉరితీశారు, అందులో పదిమందిని 1877 జూన్ 21న ఒక్కరోజే. వారి నాయకుడన్న జాన్ కెహో 1878లో ఉరికంబం ఎక్కాడు. వందేళ్ల తర్వాత, 1979లో, ఆ రాష్ట్ర గవర్నరు అతనికి క్షమాభిక్ష ప్రకటించాడు. ఎవరు నేరస్థులు, ఎవరు కారు అన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

నవలలో ఇదేదీ లేదు. పొగ ఉంది, మంచు ఉంది, కొలిముల మంట ఉంది. బాయి లోపల పైకప్పు కింద నిలబడిన మనిషి దాదాపు కనబడడు. కూలి ఎంతో తెలియదు. 1869లో అదే రాష్ట్రంలో అవాన్‌డేల్ గనిలో మంటలంటుకుని 110 మంది చనిపోయారు. గనికి దారి ఒక్కటే. దాని నెత్తిమీదే కట్టెలతో కట్టిన బొగ్గు శుద్ధి భవనం. అది తగలబడితే లోపలి వాళ్లకు గాలి లేదు, బయటికి దారి లేదు. ఆ తర్వాతే రెండో దారి ఉండాలని అక్కడ చట్టం వచ్చింది. ఇవాళ మన దేశంలో ఏ భూగర్భ గని నక్షా చేతికొచ్చినా మేము మొదట వెతికేది రెండు దారులే. ఆ నిబంధన వెనుక ఎందరి ఊపిరి ఉందో తెలిసినవాడికి, ఆ లోయలో మనుషులకు కోపం ఎందుకొచ్చింది అన్న ప్రశ్న రాకుండా ఉండదు. కోపం హత్యకు సమాధానం కాదు. అలాగని హత్య జరిగిందన్న కారణంగా కోపానికి కారణం అడగకుండా వదిలేస్తే, అది సగం దర్యాప్తే.

నన్ను ఇప్పటికీ వెంటాడేది తేదీలు. 1907లో ఎడాల్జీ కోసం దారి నడిచి చూసిన మనిషి. 1912లో స్లేటర్ కోసం సాక్ష్యాలను ఒక్కొక్కటే పట్టి లాగిన మనిషి. రెండేళ్లు తిరక్కుండానే బొగ్గు లోయ గురించి రాస్తూ పింకర్టన్ వారి కథనాన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకున్నాడు. ఉరికంబం ఎక్కినవారు ఆయన పూర్వీకుల్లాగే ఐరిష్ కేథలిక్కులు. ఎడాల్జీ ఎదురుగా కూర్చున్నాడు, కళ్లు కనిపించాయి. స్లేటర్ జైల్లోంచి కబురు పంపాడు. పెన్సిల్వేనియా కార్మికులు ఎవరూ ఆయన గుమ్మం ముందుకు రాలేదు. అవతలివాడు మనిషిగా కంటపడితే ఆధారం అడిగాడు, కంటపడకపోతే అడగలేదు. ఇది ఆయన ఒక్కడి లోపం కాదు. మనందరిలో ఉన్నదే.

చివరి రోజులు

1907లో జీన్ లెకీని రెండో పెళ్లి చేసుకున్నాడు. యుద్ధం ఆ ఇంటిని కూడా వదల్లేదు. సోమ్ యుద్ధంలో గాయపడిన పెద్ద కొడుకు కింగ్స్‌లీ 1918లో న్యుమోనియాతో పోయాడు. మరుసటి ఏడాది తమ్ముడు ఇన్నెస్ పోయాడు. చనిపోయినవారితో మాట్లాడవచ్చన్న నమ్మకం ఆయనకు అంతకు ముందే ఉంది, ఇప్పుడు అదే జీవితమైంది. దేశదేశాలు తిరిగి ఉపన్యాసాలు ఇచ్చాడు, డబ్బు ధారపోశాడు. కాటింగ్లీ అనే ఊళ్లో ఇద్దరు ఆడపిల్లలు తీసిన దేవకన్యల ఫోటోలు నిజమేనని 1920లో అదే స్ట్రాండ్ పత్రికలో రాశాడు. అవి కాగితం బొమ్మలని ఆ పిల్లలు ముసలివాళ్లయ్యాక 1980ల్లో ఒప్పుకున్నారు. హోమ్స్‌ను సృష్టించినవాడు ఇంత తేలిగ్గా నమ్మాడేమిటని లోకం నవ్వింది. కొడుకును పోగొట్టుకున్న తండ్రిని చూసి నవ్వడం నాకు చేతకాదు. బాయి ప్రమాదం జరిగిన ఇంట్లో, షిఫ్టు వేళకు ఇంకా గుమ్మం వైపు చూసే తల్లుల్ని మన ఊరు చూసింది.

చివరి హోమ్స్ కథ 1927లో వచ్చింది. మొత్తం నాలుగు నవలలు, 56 కథలు. 1930 జులై 7న, 71వ ఏట, క్రోబరోలోని సొంత ఇంట్లో డాయిల్ కన్నుమూశాడు. ఆయన ఎంతో గొప్పవనుకున్న చారిత్రక నవలలు ఇవాళ కొద్దిమందే చదువుతారు. వదిలించుకోవాలనుకున్న హోమ్స్ మాత్రం ఇంకా ప్రతి భాషలో కేసులు పరిష్కరిస్తూనే ఉన్నాడు.

మన బడి పిల్లలకు

మన బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవారిలో ఒకరు గని మేనేజరయ్యారు, ఒకరు యూనియన్ నాయకుడయ్యారు, ఒకరు ఫిట్టరు, ఒకరు టీచరు. 1981లో 56 రోజుల సమ్మె జరిగినప్పుడు మేము పిల్లలం. సమ్మె అంటే ఏమిటో ఇంట్లో పొయ్యిని చూసి తెలుసుకున్నాం. ఆ బెంచీలో ఎవరి కథ అడిగినా అదే సమ్మె వేరేగా వినిపిస్తుంది. అందుకే ఈ సంచికను చదివేవారిలో రెండు వైపుల వారూ ఉంటారని తెలిసే డాయిల్ జీవితాన్ని ఎంచుకున్నాను. ఆయన మంచి డిటెక్టివుగా పనిచేసిన చోటూ మనకు పాఠమే, పనిచేయని చోటూ పాఠమే.

పిల్లలు ఈ కథలు హాయిగా చదవాలి. పరీక్షల కోసం కాదు, అన్నం తినడం మరచిపోయేలా చదవాలి. ఆ ఆత్రం ఒకసారి తగిలినవాడు జీవితంలో పుస్తకం వదలడు, నేను ఇంజినీరింగు పుస్తకాలు చదవగలిగింది కూడా ఆ అలవాటు వల్లే. హోమ్స్ నవలలు, కథలు మొత్తం ఒక సెట్టు ఈ ఏడాది బడి లైబ్రరీకి ఇస్తున్నాను. కొమ్మూరి వారి యుగంధర్ నవలలు ఎవరి అటకల మీదైనా మిగిలి ఉంటే, వాటిని కూడా తెచ్చి ఆ బీరువాలో చేర్చమని మిత్రులకు మనవి.

ఉపాధ్యాయులకు ఒక చిన్న కోరిక. ది వ్యాలీ ఆఫ్ ఫియర్ చదివి ముగించిన పిల్లణ్ణి ఇంటికి వెళ్లి ఒక పని చెయ్యమనండి. ఇంట్లోనో పక్కింట్లోనో పదవీ విరమణ చేసిన కోల్ కట్టరో, ఓవర్‌మ్యానో, మేనేజరో తప్పకుండా ఉంటారు. వారి దగ్గర కూర్చుని, ఆ రోజుల్లో బాయిలో ఏం జరిగేదో అడిగి, రాసుకుని రమ్మనండి. వీలైతే ఇద్దరిని అడగమనండి, ఇద్దరూ ఒకే మాట చెప్పకపోవచ్చు. ఆ ఇద్దరి మాటలూ ఒక నోట్‌బుక్కులో పక్కపక్కన రాసి తెచ్చిన పిల్లకో పిల్లవాడికో వచ్చే వార్షికోత్సవంలో బహుమతి నేను ఇస్తాను.